వదులు గౌను

డ్రిల్లు పీరియడులో వంగి కాలి బొటనవేళ్ళు ముట్టుకోమన్నారు. చిట్టి వంగింది. గౌను పక్క కుట్టు చంక కింది నుంచి నడుము దాకా పర్రుమంది. మూడో తరగతి మొత్తం పకపకా నవ్వింది. పిల్లలు నవ్వితే నవ్వారు, వాళ్ళకి ఈగ తుమ్మినా నవ్వే. డ్రిల్లు మాస్టరు కూడా నవ్వాడు. అంతేసి మీసం పెట్టుకుని ఎనిమిదేళ్ళ పిల్లని చూసి నవ్వే మనిషిని ఏమనాలి?

సాయంత్రం చిట్టి పుస్తకాల సంచీని పక్కకి అదిమి పట్టుకుని, మెట్ల పక్కనున్న కుట్టుగది గుమ్మంలో నిలబడింది. మిషను పిన్ని తలెత్తలేదు. బడిలో ఆటల పోటీలకి తెల్లగౌన్ల ఆర్డరు ఆవిడ నెత్తిమీద కూర్చుని ఉంది. వీధిలో పిల్లలందరికీ ఆవిడ మిషను పిన్నే. పెద్దవాళ్ళు కూడా అలాగే పిలిచి పిలిచి అసలు పేరు మర్చిపోయారు.

"పిన్నీ, ఇది కుట్టిపెట్టవూ? అమ్మకి మాత్రం చెప్పకూడదు."

"ఏమే, ఎక్కడ గోడ దూకావు?"

చిట్టి సంచీ తీసింది. పిన్ని నోటిదాకా ఒక హాస్యం వచ్చింది. హాస్యమాడకుండా ఉండటం ఆవిడకి చేతకాని పని, అయినా పిల్ల బుగ్గల మీద ఎండిన చారలు చూసి మింగేసింది.

"విప్పి ఇలా ఇవ్వు. ఆ దుప్పటి కప్పుకుని కూర్చో."

పిన్నికి ఒక అలవాటుంది. పిల్లల బట్టలు ఏవి కుట్టినా లోపల రెండు పక్కలా నాలుగేసి వేళ్ళ గుడ్డ మిగిల్చి మడిచేస్తుంది. గుడ్డ దండగ అని ఎవరైనా సణిగితే, "పిల్లలు సొరపాదుల్లాంటి వాళ్ళమ్మా, పొద్దున కుట్టింది సాయంత్రానికి చాలదు" అంటుంది. చిరిగిన మేర కుట్టి ఇచ్చేస్తే ఆ రోజుకి సరిపోయేది. కానీ మళ్ళీ వంగమంటే మళ్ళీ చిరుగుతుంది, మళ్ళీ ఆ మీసం నవ్వుతుంది. పిన్ని రెండు పక్కల కుట్లూ విప్పేసింది. లోపలి గుడ్డలోంచి రెండేసి వేళ్ళు బయటికి వదిలి కొత్త గీత మీద కుట్టింది. ఎండ తగలని గుడ్డ కాబట్టి వదిలిన మేర కాస్త ముదురు నీలంగా ఉంది, కానీ చంకల కింద ఎవరు చూడొచ్చారు? పాత కుట్టు గుర్తులు కనబడకుండా తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె గట్టిగా అదిమింది.

చిట్టి గౌను తొడుక్కుంది. నడుం దగ్గర చెయ్యి పెట్టి చూసుకుంది. అటు తిరిగింది, ఇటు తిరిగింది.

"వదులుగా ఉంది పిన్నీ! సన్నబడ్డానా?"

పిన్ని పళ్ళ మధ్య దారం ఉంది. తెంపి ఉమ్మేలోపు నిజం చెప్పేందుకు బోలెడు వ్యవధి ఉంది. పిల్ల మొహం చూసింది, ఎవరో లోపల దీపం పెట్టినట్టుంది ఆ మొహం.

"మరి! నాలుగు రోజుల్లో ఎంత తేడా!" అంది.

"నేను ఆడనే ఆడనుగా మరి? నాచేత చెప్పులు కాయిస్తారు."

"చెప్పులు కాయడమేమిటే?"

"బరువున్నవాళ్ళు ఉంటే ఆట సాగదని మాస్టారు మమ్మల్ని కూర్చోబెడతారు. అందరి చెప్పులూ, నీళ్ళ సీసాలూ మా ముందు పెడతారు."

"నీ మొహంలా ఉంది. అయితే ఇంటి దగ్గర గెంతు. పైన అంత గది ఖాళీగా ఉందిగా. గెంతే పిల్లకి ఒళ్ళు నిలుస్తుందా?"

"గెంతితే ఇంకా వదులవుతుందా?"

"ఎందుకవదు, భేషుగ్గా అవుతుంది" అని పిన్ని సూదిలోకి దారం ఎక్కించుకుంది. మంచి పని చేశానని ఆ సాయంత్రమంతా మనసు తేలిగ్గా ఉంది.

చిట్టి వాళ్ళది సరిగ్గా పిన్ని నెత్తి మీది వాటా. తండ్రి లారీ మీద వెళ్తే పక్షానికి గానీ రాడు. తల్లి మందుల షాపులో రోజంతా నిలబడే ఉద్యోగం, వచ్చేసరికి వీధి దీపాలు వెలుగుతాయి. బడినుంచి వచ్చాక పిల్ల తాళం తీసుకుని ఒక్కతీ ఉంటుంది. "ఓ చెవి పైకి పడేసి ఉంచు అక్కా" అని తల్లి ఎప్పుడో చెప్పింది. పిన్ని పడేసే ఉంచింది.

మర్నాడు మధ్యాహ్నం బడి వదిలాక పైన ధనధనమని మొదలైంది. గది చుట్టూ పరుగు. బల్ల మీద కత్తెర సన్నగా వణికింది, సుద్దముక్క దొర్లి కింద పడింది. పిన్ని తనలో తను నవ్వుకుంది. "ఓసి నీ దుంప తెగ, మాట అనగానే మొదలెట్టావే" అని కప్పుకేసి చూసి అంది.

కాసేపటికి చిట్టి చెమట కారుతూ కిందికి వచ్చి, చేతిలో ఉడికించిన గుడ్డు పెట్టింది.

"అమ్మ నీకిమ్మంది."

"మీ అమ్మకి నా మీద ఇంత ప్రేమ ఎప్పట్నుంచే?"

"గౌను కుట్టావుగా."

అమ్మకి చెప్పొద్దన్న పిల్ల అమ్మ పంపిందంటోంది. ఆ ముక్క అప్పుడు పిన్నికి తట్టలేదు. ఉప్పూ మిరియాలూ చల్లుకుని తినేసింది. మర్నాడు వెన్న రాసిన రొట్టె వచ్చింది. ఆ తర్వాత అరటిపండు, మళ్ళీ గుడ్డు. పిన్నికి మధ్యాహ్నం వంట చేసుకునే తీరిక లేని రోజులవి, తెల్లగౌన్ల గుట్ట తరగడం లేదు. పిల్ల గుమ్మంలోకి రాగానే చెయ్యి చాపడం అలవాటైంది. బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళతో, "పెట్టే గుణం పుట్టుకతో రావాలమ్మా, మా మేడ మీది పిల్లని చూడండి" అని చెప్పుకుంది కూడా.

వారం తిరిగేసరికి చిట్టి ఉతికిన గౌను పట్టుకొచ్చింది. "ఇస్త్రీ చేసిపెట్టు పిన్నీ. ఇంకా వదులైందేమో చూడాలి."

పిన్ని ఆలోచించలేదు. ఆలోచిస్తే ఆ పని చేసేది కాదు. ఇస్త్రీ చేస్తూ చేస్తూ పక్క కుట్లు విప్పి ఇంకో వేలు వదిలింది. గోరంత దారం పనికి కొండంత సంతోషం వస్తుంటే కాదనేవాళ్ళెవరు? చిట్టి తొడుక్కుని నడుం దగ్గర గుడ్డని పిడికిట పట్టుకుంది. ఈసారి నవ్వలేదు. సరే అన్నట్టు తలూపి, పెద్ద ఆరిందాలా మెట్లెక్కి వెళ్ళిపోయింది. వెంటనే పైన అడుగులు మొదలయ్యాయి.

ఆ తర్వాతే అడుగులు మారాయి. మొదట్లో గెంతుల్లో ఒక ఉషారు ఉండేది, మధ్యలో పాట వినబడేది. ఇప్పుడు పాట లేదు. గోడ వెంట, గోడ వెంట, ఆగకుండా ఒకటే పరుగు. కాసేపయ్యాక ఒక కాలు ఈడ్చినట్టు చప్పుడు. ఆగుతుంది. ఏదో పట్టుకుని నిలబడినట్టు చాలాసేపు ఏమీ ఉండదు. పిన్ని కాలు కూడా మిషను తొక్కే పలక మీద ఆగిపోతుంది. మళ్ళీ మొదలవుతుంది. పిన్ని మిషను ఆ అడుగులకి తగ్గట్టు నడవడం మొదలెట్టింది, వద్దనుకున్నా కాలు వినలేదు. ఒక పొద్దున, పిల్ల బడికి వెళ్ళడం తను కళ్ళారా చూసిన పొద్దునే, నెత్తి మీద అడుగులు వినిపించి పిన్ని చీపురు పట్టుకుని మేడెక్కింది. తలుపుకి తాళం వేలాడుతోంది. చెవి ఆనించి విన్నది. ఏమీ లేదు. "వయసు మీద పడుతోందే మొద్దూ" అని తనని తను తిట్టుకుంటూ దిగింది. కింద కూర్చున్నాక మళ్ళీ వినిపించాయి.

తెల్లగౌన్ల మొదటి విడత బడికి తీసుకెళ్ళింది ఆ రోజే. ఆట స్థలంలో పిల్లలు గోల గోలగా పరుగులు తీస్తున్నారు. ప్రహరీగోడ నీడన నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు, ముందు చెప్పుల వరస, సీసాల వరస. చిట్టి చివర్న ఉంది. ఒక కుర్రవాడు దాహంతో పరుగెత్తుకొచ్చాడు. చిట్టి లేచి వాడి సీసా వెతికి మూత తీసి ఇచ్చి, మళ్ళీ మూత పెట్టి కూర్చుంది. లేచినప్పుడు గోడ పట్టుకుంది. ఎనిమిదేళ్ళ పిల్ల లేవడానికి గోడ పట్టుకోవడం పిన్ని ఎక్కడా చూడలేదు.

"ఏం మాస్టరుగారూ, ఆ పిల్లలకి కాళ్ళు లేవా?" అని అడిగేసింది.

డ్రిల్లు మాస్టరు ఈల నోట్లోంచి తీశాడు. "పోటీలు దగ్గర పడుతున్నాయమ్మా. బరువైనవాళ్ళని కలిపితే మిగతావాళ్ళ ఆట చెడుతుంది."

"ఆడనివ్వకపోతే బరువు ఎలా తగ్గుతారండీ?"

"ఎందుకు తగ్గరు? అదిగో, మీ మేడ మీది పిల్లేగా. ఈ నెల బరువులు చూసినప్పుడు అందరికంటే ఎక్కువ తగ్గింది ఆ పిల్లే. నిన్న పొద్దున ప్రార్థన దగ్గర నిలబెట్టి చప్పట్లు కొట్టించాను. ఇంకొంచెం తగ్గితే తెల్లగౌను వేసుకుని రిబ్బన్ల డ్రిల్లులో ముందు వరస ఇస్తానని మాటిచ్చాను కూడా."

పిన్నికి ఇంకా నాలుగు అనాలని ఉంది. కానీ తగ్గిందంటున్నాడు. గౌను వదులు చెయ్యడం తన పని, తూకం తన పని కాదు. ముల్లు తగ్గిందంటే నిజంగానే తగ్గింది. నెల తిరక్కుండా పిల్ల అంత ఎలా తగ్గింది? తిరిగొస్తూ దారంతా అదే అడుక్కుంది. ఒక దుకాణం ముందు గుడ్లబుట్ట కనిపించింది. కాళ్ళు అక్కడే ఆగాయి, ఎందుకో మాత్రం అప్పటికింకా తెలియలేదు.

సాయంత్రం చిట్టి తల్లి మెట్ల దగ్గర చెప్పులు విదిల్చి, నడుం పట్టుకుని కుట్టుగది గుమ్మం మీద కూలబడింది.

"హమ్మయ్య. కాళ్ళు కావు అక్కా ఇవి, కర్రలు."

"మంచినీళ్ళు తాగు."

"మా చిట్టి సంగతి విన్నావా? బళ్ళో చప్పట్లు కొట్టించారట. వాళ్ళ నాన్నకి ఫోన్లో చెప్తే మురిసిపోయాడు. ఇదివరకు కూర్చున్నచోటి నుంచి లేచేదా? ఇప్పుడు చూడు, విను." పైన అడుగులు. తల్లి తల పైకెత్తి నవ్వింది. "తిండి కూడా ఎంత బాగా తింటోందనుకున్నావ్! బడికిచ్చిన డబ్బా కడిగినట్టు వస్తోంది. సాయంత్రానికి గుడ్డో రొట్టో బల్ల మీద పెట్టి వెళ్తానా, వచ్చేసరికి ప్లేటు ఖాళీ. రాత్రి అన్నం తినవే అంటే, అన్నీ తిన్నానుగా కడుపు నిండిందంటుంది."

పిన్ని చేతిలో గుడ్డ చేతిలోనే ఉండిపోయింది.

ఆ గుడ్డు తను తింది. రొట్టె తను తింది. ఉప్పూ మిరియాలూ చల్లుకుని మరీ, చెయ్యి చాపి మరీ తింది. పైన పిల్ల ఖాళీ కడుపుతో గోడల వెంట పరిగెడుతుంటే, కింద తను కమ్మగా తిని మూతి తుడుచుకుంది.

"ఏంటక్కా, అలా అయిపోయావు?"

"ఏం లేదు. కళ్ళు లాగుతున్నాయి" అంది పిన్ని.

చెప్పాల్సింది అప్పుడే. చెబితే మొదటి కుట్టు దగ్గర్నుంచీ చెప్పాలి. ముందు పిల్లతో మాట్లాడి నయాన చెప్పి తినిపిస్తే సరిపోతుంది, ఇంతలో తల్లిని హడలగొట్టడం ఎందుకు, అని తనకి తనే సర్దిచెప్పుకుంది. పిరికితనానికి ఎన్ని మంచి పేర్లయినా దొరుకుతాయి. తల్లి మెట్లెక్కి వెళ్ళిపోయింది, తలుపు చప్పుడుకి అడుగులు ఠక్కున ఆగాయి.

మర్నాడు చిట్టి వచ్చేసరికి పిన్ని మిషను మీద గుడ్డ కప్పేసి కూర్చుని ఉంది. పిల్ల అరటిపండు చాపింది.

"నువ్వు తిను."

"నేను తిన్నాను. ఇది నీకు."

"నా ఎదురుగా తిను. తింటేనే నీతో మాట్లాడతాను."

చిట్టి పండు బల్ల మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుంది. ఆ చేతుల మీద మోచెయ్యి ఎముక ముడిలా పొడుచుకొచ్చి ఉంది. పెదవుల చివర్లు పగిలాయి. ఇన్నాళ్ళూ ఈ పిల్ల చేతిలోది చూసింది గానీ చెయ్యి చూడలేదు పిన్ని.

"ఇలా రావే తల్లీ. నీకో మాట చెప్పాలి. నేను నీతో అబద్ధం ఆడాను."

చిట్టి చూసింది.

"నువ్వు సన్నబడి గౌను వదులవలేదు. నేను కుట్టు విప్పి వదులు చేశాను. రెండోసారీ అంతే. నువ్వు ఏడుస్తున్నావని చేశాను. నువ్వు గెంతినందుకూ కాదు, తిండి మానేసినందుకూ కాదు. అర్థమైందా?"

"నేను తినాలని ఇప్పుడు చెప్తున్నావ్ ఇలా" అంది చిట్టి నిదానంగా. "పెద్దవాళ్ళు అలాగే చెప్తారు."

"అయ్యో, ఒట్టు. నీ కళ్ళతో నువ్వే చూడు."

చిట్టిని దుప్పటి కప్పుకోమని, గౌను తిరగేసి బల్ల మీద పరిచి, బ్లేడుతో కుట్టు విప్పింది. తొందరలో ఒకచోట గుడ్డ తెగింది కూడా. చంక కింద గుడ్డ రెండు పక్కలా తెరుచుకుంది. వెలిసిన నీలం ఒకవైపు, వెలవని ముదురు నీలం పట్టీ ఒకవైపు. ఆ రెండూ కలిసేచోట సన్నటి సూది రంధ్రాల వరస.

"ఇదిగో. ఈ రంగు చూశావా? ఇది మొదట లోపలుంది, ఎండ తగల్లేదు. ఈ చిల్లులున్నచోట మొదటి కుట్టు. అక్కడ ఉండాల్సిందాన్ని ఇక్కడికి జరిపాను. నమ్ముతావా ఇప్పుడు?"

చిట్టి వేలితో ఆ చిల్లుల వరసని పైనుంచి కిందిదాకా తడిమింది. పిన్నికి ఊపిరాడింది. పిల్ల నమ్మింది, కళ్ళలో తెలుస్తోంది.

"అయితే మొదటి రోజు నేను సన్నబడనే లేదు."

"లేదమ్మా. నువ్వు బంగారంలా ఉన్నావు. ఏ వంకా లేదు నీకు."

"మళ్ళీ పాత గీత మీదే కుట్టు పిన్నీ."

"కుడతాను. ఎందుకు కుట్టను? కుడితే పండు తింటావా?"

చిట్టి మిషను వైపే చూసింది. పిన్ని రెండు పక్కలా పాత చిల్లుల మీదుగానే కుట్టింది. ఇంత శ్రద్ధగా ఎవరి పెళ్ళిబట్టలూ కుట్టలేదు. బిగుతుగా ఉంటే పిల్లకి బుద్ధి వస్తుంది, రెండు రోజులు ఏడుస్తుంది, తర్వాత తింటుంది. చేతులు కాలాకైనా ఆకులు దొరికాయి కదా అనుకుంది.

చిట్టి దుప్పటి చాటున గౌను తొడుక్కుని బయటికి వచ్చింది. హుక్కు దానంతటదే పడింది. గుడ్డ ఎక్కడా ఆనలేదు. భుజాల నుంచి జారి, నడుం దగ్గర అరచెయ్యి పట్టేంత ఎడం ఇచ్చి, కొయ్యకి తగిలించినట్టు వేలాడింది. ఆ పిల్ల వంగి చిరిగిన గౌనే అది, ఆ గీతే అది.

చిట్టి నడుం దగ్గర చెయ్యి దూర్చి చూసుకుంది. నెమ్మదిగా మొహమంతా నవ్వు పరుచుకుంది.

"ఈసారి నువ్వేం చెయ్యలేదుగా?" అంది.

పిన్ని ఆ ఎడంలో తన అరచెయ్యి పెట్టి చూసింది.

వీధి దీపాలు వెలిగాయి. ఎప్పుడు వచ్చిందో చిట్టి తల్లి గుమ్మంలో నిలబడి ఉంది. పిన్ని ఇక దాచలేదు. గౌను సంగతి, గుడ్లూ రొట్టెల సంగతి, అడుగుల సంగతి, ముందుదీ వెనకదీ కలిపేసి చెప్పుకుపోయింది. చెబుతూ ఏడ్చింది. తల్లి మొహం మొదట అర్థం కానట్టుంది, తర్వాత ఎర్రబడింది.

"అంటే ఏంటక్కా? నా పిల్ల నోటి దగ్గరిది నువ్వు తిన్నావా?"

"నువ్వే పంపుతున్నావనుకున్నాను. ఒట్టమ్మా."

"నీకు చెవి పైకి పడెయ్యమన్నాను, ఇందుకా? పిల్లకి లేనిపోనివి నూరిపోయడానికా? కుట్టడమొస్తే ఏదైనా కుట్టేయొచ్చనుకున్నావా? అడిగేవాళ్ళు లేరనుకున్నావా?"

"తిట్టు. నాలుగు కొట్టు. కానీ పిల్లని ఒక్కసారి చూడు."

"చూస్తున్నాను. రోజూ చూస్తూనే ఉన్నాను. నా పిల్లని ఎలా చూసుకోవాలో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నడవ్వే పైకి."

చిట్టి కదల్లేదు. కళ్ళు మూసుకుని మిషను అంచు పట్టుకుంది. తల్లి విసురుగా వంగి, ఎత్తుకోవడానికి రెండు చేతులూ పిల్ల చంకల కింద పెట్టింది. ఎత్తుకుని చాలా రోజులైంది. "ఇంత లావు మనిషివి, నా నడుం విరుగుతుందే" అని నవ్వుతూ మానేసింది ఎప్పుడో. ఆ లావుకి తగ్గట్టు కాళ్ళు ఎడం పెట్టి, ఊపిరి బిగించి, బలం కొద్దీ ఎత్తింది.

నిండుబిందె అనుకుని వట్టిబిందె ఎత్తినట్టయింది. పిల్ల ఒక్క విసురున పైకి వచ్చేసింది. తల్లి రెండడుగులు వెనక్కి తూలి గోడకి తగిలింది. పిన్నిని ఇంకా ఏదో అనబోతున్న నోరు అలాగే తెరిచి ఉంది.

చిట్టి తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది. చెవి దగ్గర అడిగింది, కానీ ఆ చిన్న గదిలో అందరికీ వినిపించింది.

"బరువున్నానా అమ్మా?"

తల్లి పిన్ని వంక చూసింది. లేవంటే పిల్ల సంతోషిస్తుంది. ఉన్నావంటే దిగి పరిగెడుతుంది. ఏం చెప్పాలో పిన్నిని అడుగుతున్నట్టున్నాయి ఆ కళ్ళు. ఇందాకటి వరకూ తిట్టిన మనిషి, తిట్టించుకున్న మనిషి, ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

"చెప్పమ్మా."

తల్లి పిల్లని భుజాన ఇంకాస్త పైకి వేసుకుని, వీపు మీద అరచెయ్యి ఆనించి పట్టుకుని, మెట్లెక్కింది. పిన్ని బల్ల మీది పండు తీసుకుని వాళ్ళ వెనకాలే రెండు మెట్లెక్కింది గానీ, ఆగిపోయి వెనక్కి వచ్చింది.

తలుపు వేసుకున్న చప్పుడైంది. పిన్ని దీపం వేసుకోకుండా మిషను ముందు కూర్చుని కప్పుకేసి చూస్తూ ఉండిపోయింది. ఇప్పుడు దించుతుంది. ఇప్పుడు ఆ చిన్న కాళ్ళు నేల మీద పడతాయి. గోడ వెంట మొదలవుతాయి.

పెద్ద అడుగులే వినిపించాయి. చంటిపిల్లని నిద్రపుచ్చేటప్పుడు నడిచే నడక, ఆ చివర్నుంచి ఈ చివరికి, మళ్ళీ ఆ చివరికి. మధ్యలో ఒకసారి గిన్నె చప్పుడు, చెంచా చప్పుడు. అప్పుడు కూడా నడక ఆగలేదు. ఎంతసేపు విన్నా పిన్నికి రెండో మనిషి అడుగు వినబడలేదు.